స్వింగ్ మికాడో: మీ ఊరి నాటక బృందంతో వేయాలంటే

బ్రిటన్‌లో ఓ మోస్తరు ఊరు ఏదైనా సరే, వెతికితే ఒక ఔత్సాహిక నాటక సంఘం దొరుకుతుంది. పగలంతా బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పనిచేసి, సాయంత్రం చర్చి హాల్లో రిహార్సల్‌కి వచ్చే మనుషులు. ఇలాంటి సంఘాలన్నిటికీ కలిపి నోడా అనే జాతీయ సంస్థ 1899 నుంచీ ఉంది. పరిషత్తు నాటకాలు చూసి పెరిగినవాళ్లకి ఆ హాల్లో అడుగుపెట్టగానే సొంత ఊరు గుర్తొస్తుంది. మీరూ అలాంటి బృందంలో చేరి, ఈ ఏడాది స్వింగ్ బాణీలో (ఊగే లయ ఉన్న జాజ్‌లో) సాగే ‘హాట్ మికాడో’ అనే సంగీత నాటకం వేద్దాం అనుకున్నారనుకోండి. ఈ వ్యాసం మీకోసమే. నేను ఈ నాటకం మీద రెండుసార్లు పనిచేశాను, ఒకసారి కోరస్‌లో, ఒకసారి డైరెక్టర్ పక్కన. మొదటిసారి అందరం పాటతో మొదలుపెట్టి చాలా వారాలు పోగొట్టుకున్నాం. రెండోసారి ముందు నడక, అంటే లయ, తర్వాత మాట, ఆఖరున పాట అనే వరసలో వెళ్లాం, నాటకం నిలబడింది. కింద చెప్పేదంతా ఆ వరస చుట్టూనే తిరుగుతుంది.

ముందు కథ ఎక్కడిదో తెలుసుకోండి

మూల నాటకం ‘ది మికాడో’, అంటే జపాన్ చక్రవర్తి. మాటలు గిల్బర్ట్‌వి, సంగీతం సలివాన్‌ది. 1885 మార్చి 14న లండన్ సవాయ్ థియేటర్‌లో మొదలై మొదటి విడతలోనే 672 ప్రదర్శనలు ఆడింది. మన సురభి వాళ్లు కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ వేసిందీ ఆ ఏడాదే. ఆ రెండు తెరలూ ఒకే సంవత్సరం లేచాయన్న సంగతి తెలిశాక ఈ నాటకం నాకు ఇంకాస్త దగ్గరైంది.

కథ టిటిపు అనే ఊళ్లో జరుగుతుంది. పరాయి ఆడపిల్లతో సరసమాడితే తల తీసేయాలని చక్రవర్తి శాసనం. ఆ నేరానికే శిక్ష పడిన కోకో అనే దర్జీని ఊరివాళ్లు ఏకంగా తలారిగా నియమిస్తారు. నరకాల్సిన తలల వరసలో మొదటిది అతనిదే కాబట్టి, తన తల తాను నరుక్కుంటే తప్ప ఇంకొకరి జోలికి వెళ్లలేడు. మిగతా పదవులన్నీ పూ-బా అనే ఒక్కడి చేతిలోనే ఉంటాయి. ఒక హోదాలో సలహా ఇస్తాడు, ఇంకో హోదాలో దాన్ని కాదంటాడు, రెండిటికీ వేరువేరుగా డబ్బు పుచ్చుకుంటాడు. పారిపోయి వచ్చిన రాకుమారుడు నాంకీ-పూ, ఊరి బ్యాండులో రెండో ట్రాంబోన్ వాయించేవాడి వేషంలో తిరుగుతూ, కోకో పెంచుతున్న యమ్-యమ్‌ని ప్రేమిస్తాడు. పేరుకి జపాన్, వెక్కిరింపంతా ఆనాటి ఇంగ్లండు అధికారుల మీదే.

దీన్ని స్వింగ్ బాణీలోకి మార్చింది అమెరికావాళ్లు. 1938లో షికాగోలో ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు కింద నల్లజాతి నటులు ‘ది స్వింగ్ మికాడో’ వేశారు. నిరుద్యోగ కాలంలో కళాకారులకి పని ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన పథకం అది. దాని విజయం చూసి మైక్ టాడ్ అనే నిర్మాత 1939లో బ్రాడ్‌వే మీద ‘ది హాట్ మికాడో’ తెచ్చాడు. అందులో చక్రవర్తి వేషం ట్యాప్ డాన్సర్ బిల్ రాబిన్సన్‌ది. ఇప్పుడు ఔత్సాహిక బృందాలు వేసే ‘హాట్ మికాడో’ ఇవేవీ కాదు. డేవిడ్ బెల్, రాబ్ బౌమన్ కలిసి తయారుచేసి 1986లో వాషింగ్టన్ ఫోర్డ్స్ థియేటర్‌లో వేసిన కొత్త కూర్పు. ఈ తేడా హక్కుల దగ్గర అవసరపడుతుంది.

హక్కులు తేలేదాకా పోస్టరు వేయకండి

సలివాన్ 1900లో, గిల్బర్ట్ 1911లో చనిపోయారు. మూల నాటకం మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. 1986 కూర్పుకి ఉంది. దాన్ని వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి, స్వరాల పుస్తకాలు అద్దెకి తెచ్చుకోవాలి. లైసెన్సు తెచ్చుకున్న ప్రతిలో మాట మార్చాలన్నా, పాట తీసేయాలన్నా, వీడియో తీయాలన్నా ముందుగా రాసి అడగండి. కోకో తన చేతిలో పోదగిన మనుషుల పేర్లు చదివే ‘చిట్టా పాట’ ఒకటి ఉంది. అందులో ఈనాటి మనుషుల మీద కొత్త చరణాలు కట్టడం చాలాకాలంగా ఉన్న ఆచారం. దానికి కూడా అనుమతి అడగడమే మంచిది.

ఇంకో దారి, పాత స్వరలిపి తీసుకుని మీ బృందమే స్వింగ్ బాణీ కట్టుకోవడం. జాజ్ తెలిసిన పియానిస్టు ఉంటేనే ఆ పనికి దిగండి. అన్ని పాటలూ మార్చేయాలని ఆరాటపడొద్దు. 1938 షికాగోవాళ్లు కూడా కొన్ని పాటలనే స్వింగ్ చేసి మిగతావి దాదాపు ఉన్నట్టే ఉంచారు. నాలుగైదు పాటలు చాలు. ఒక పాట మామూలుగా సాగి, తర్వాతది ఊగితేనే ఆ ఊపు ప్రేక్షకుడికి తెలుస్తుంది.

పాత ప్రతి వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1885 నాటి మాటల్లో నల్లజాతివారిని కించపరిచే పదం రెండు చోట్ల ఉంది, చిట్టా పాటలో ఒకటి, చక్రవర్తి పాటలో ఒకటి. 1948లో ఆ మాటలు మార్చారు. కానీ పాత అచ్చు ప్రతుల్లో ఇంకా అలాగే కనిపిస్తాయి. ప్రతులు పంచే ముందు మీరే కూర్చుని మొత్తం చదవండి.

జపాన్ సంగతి మొదటి మీటింగ్‌లోనే మాట్లాడండి

2014లో సియాటిల్‌లో, 2015లో న్యూయార్క్‌లో ‘మికాడో’ ప్రదర్శనల మీద పెద్ద విమర్శ వచ్చింది. తెల్ల నటులు కళ్లకి రంగు పూసుకుని, కిమోనోలు కట్టి, జపనీయుల్ని నవ్వులాటగా చూపిస్తున్నారని. న్యూయార్క్ బృందం ఆ ఏడాది ప్రదర్శనే మానుకుంది. పరాయి దేశంలో మన యాసనీ, మన బొట్టునీ ఎవరైనా వేషంగా వేసుకుంటే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. అందుకే ఈ విషయంలో మీ గొంతు గట్టిగా వినిపించండి.

స్వింగ్ కూర్పులో ఇది కొంత తేలిక, ఎందుకంటే దుస్తులూ డాన్సూ 1940ల అమెరికావి. ముఖానికి రంగు వద్దు, కళ్లు సాగదీసే గీతలు వద్దు, యాస వద్దు, చేతులు జోడించి తల ఊపే నడక వద్దు. అలాగే రంగస్థలం మీద ఏ జెండా, ఏ సంవత్సరం కనిపించకుండా చూడండి. 1942 నుంచి అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవారిని క్యాంపుల్లో బంధించింది. ఆ కాలాన్ని సరదా అలంకారంగా వాడుకుంటున్నామన్న భావన ఎవరికీ కలగకూడదు. ఎక్కడిదో తెలియని ఒక ఊహా నగరం, రాత్రి, నియాన్ దీపాలు, అంతే చాలు. ప్రోగ్రాం పుస్తకంలో ఈ సంగీతం ఎవరిదో, 1938లో మొదట వేసిన నల్లజాతి కళాకారులు ఎవరో ఒక పేజీ రాయండి. వాళ్ల పేరు చెప్పకుండా వాళ్ల లయ వాడుకోవడం నాకు మనసొప్పదు.

వేషాల పంపకం

కోకోకి పెద్ద గొంతు అక్కర్లేదు, మాట స్పష్టంగా ఉండాలి. పూ-బాకి బరువు ఉండాలి, గొంతులోనూ నిలబడే తీరులోనూ. చక్రవర్తి రెండో అంకంలోనే వస్తాడు, కాబట్టి పెద్ద వయసువాళ్లకి బాగా నప్పే వేషం. బిల్ రాబిన్సన్ నిలువెల్లా బంగారు రంగు బట్టలు వేసుకుని ఈ వేషం కట్టేటప్పటికి అరవై ఏళ్ల మనిషి. మీ సంఘంలో ఎప్పుడో ట్యాప్ నేర్చుకుని వదిలేసిన పెద్దాయన ఉంటే ఆయన్నే అడగండి.

ముగ్గురు స్కూలు పిల్లల పాట కోసం యమ్-యమ్, పిట్టి-సింగ్, పీప్-బోలని విడివిడిగా ఎంచుకోవద్దు. 1940ల అక్కచెల్లెళ్ల బృందాల్లా మూడు గొంతులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ సాగాలి. ఆడిషన్‌లో ముగ్గురేసి చొప్పున నిలబెట్టి పాడించండి. విడిగా అద్భుతంగా పాడేవాళ్లు కలిస్తే అతకకపోవచ్చు, మామూలు గొంతులు మూడు కలిసి ఒక్కటైపోవచ్చు. మనవాళ్లెవరైనా ఆ ముగ్గురిలో ఉంటే ఒక మాట. మన సంగీతంలో అందరం ఒకే స్వరం పాడతాం, అందుకే పక్కవాళ్ల రాగంలోకి గొంతు జారిపోతుంది. మీ స్వరం ఒక్కటే పియానో మీద వాయించి ఫోన్‌లో రికార్డు చేసిపెట్టమని అడగండి, రోజూ వంట చేస్తూ వినండి. గమకాలు పూర్తిగా ఆపేయండి. మూడు గొంతుల్లో ఒకటి కదిలినా మిగతా రెండూ చెడతాయి.

కటిషా అంటే నాంకీ-పూని పెళ్లాడాలని పట్టుబట్టే పెద్ద వయసు ఆస్థానపు ఆవిడ. ఆమె గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మూలంలో ఆమె వయసునీ రూపాన్నీ చూసి నవ్వమంటారు. ఆ నవ్వు ఇప్పుడు మింగుడుపడదు. మీ బృందంలో అందరికంటే బాగా పాడే ఆవిడకి ఆ వేషం ఇవ్వండి. ఆమె బ్లూస్ (నల్లజాతివారి విషాద గీతం) ఎత్తుకోగానే హాలంతా నిశ్శబ్దం కావాలి. అప్పుడు నవ్వు ఆమెని చూసి భయపడే మగవాళ్ల మీదకి మళ్లుతుంది.

నడక: మొదటి రెండు వారాలు పాట ముట్టుకోవద్దు

అసలు పని ఇక్కడే ఉంది. స్వింగ్ కాగితం మీద కనిపించదు. స్వరలిపిలో రెండు సమానమైన అర మాత్రలు రాసి ఉంటాయి, కానీ మొదటిది సాగాలి, రెండోది కురచగా తగలాలి. దీన్ని ఇంగ్లీషువాళ్లకి వివరించడానికి ఒక పూట పడుతుంది. మన తాళం కొంచెం తెలిసినవాళ్లకి ఒక్క నిమిషం చాలు. తిశ్ర గతిలో చేత్తో తాళం వేస్తూ ఒక్కో దెబ్బకి ‘తకిట’ అనండి. తకిట, తకిట, తకిట, తకిట. ఇప్పుడు ‘కి’ని మనసులోనే అనుకుని పైకి అనకండి. త…ట, త…ట, త…ట, త…ట. స్వింగ్ నడక అదే. నేను దీన్ని మా బృందానికి నేర్పితే, ఆ తర్వాత రిహార్సల్ అంతటా వాళ్లు ‘తకిట’ అనే లెక్కపెట్టుకున్నారు. పాట వేగం పెరిగేకొద్దీ ఆ సాగుడు తగ్గి రెండూ దాదాపు సమానమవుతాయి. కాబట్టి వేగమైన పాటల్లో మరీ ఊపొద్దు, కుంటినడకలా వినిపిస్తుంది.

రెండోది చప్పట్లు. మన భజనలోనైనా, ఇంగ్లండు చర్చి పాటలోనైనా చెయ్యి తెలియకుండా ఒకటో దెబ్బ మీద పడుతుంది. స్వింగ్‌లో రెండు, నాలుగు మీద పడాలి. అందరినీ గుండ్రంగా నిలబెట్టండి. ఒకటికి కుడి కాలు, మూడుకి ఎడమ కాలు, రెండుకీ నాలుగుకీ చప్పట్లు. వెనక మెల్లగా ఏదైనా పాత స్వింగ్ రికార్డు పెట్టండి. ప్రతి రిహార్సల్ మొదట పది నిమిషాలు ఇదే చేయించండి. తాళం తప్పేవాళ్లని ముందు నిలబెట్టి టెన్షన్ పెట్టకండి, బాగా వచ్చినవాళ్ల మధ్యలో ఉంచండి. శరీరమే పట్టుకుంటుంది.

మూడోది, తొందర మానడం. కొత్తవాళ్లు ఉత్సాహంలో బ్యాండు కంటే ముందు పరుగెడతారు. గాయకుడు దెబ్బకి రవ్వంత వెనక వాలినట్టు ఉండాలి, కుర్చీలో వెనక్కి జారగిలబడ్డ మనిషిలా. నిజంగానే కుర్చీల్లో వెనక్కి ఆనించి పాడించి చూడండి, తేడా వెంటనే వినిపిస్తుంది.

మాట: నవ్వు ఉండేది ఇక్కడే

గిల్బర్ట్ పాటలో ఒక్క మాట వినపడకపోతే ఆ చరణంలో నవ్వు పోయినట్టే. అందుకని ప్రతి పాటనీ ముందు రాగం లేకుండా చదివించండి, మామూలుగా మాట్లాడినట్టు. అర్థం తెలియని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. విక్టోరియా కాలపు చమత్కారాలు ఇంగ్లీషువాళ్లకే సగం తెలియవు, అడగడానికి మొహమాటపడతారు. మీరు అడగండి, అందరికీ మేలవుతుంది. తర్వాత మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టి తాళంలో చెప్పించండి, అసలు వేగంలో సగం నుంచి మొదలుపెట్టి రోజుకి కొంచెం పెంచుతూ. ఆ మెట్టు దాటాకే రాగం.

తెలుగు అజంత భాష, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ఆగిపోతాయి. మనం పాడేటప్పుడు ఆ చివరి హల్లుని మింగేస్తాం, లేదంటే దానికో అచ్చు తగిలిస్తాం. హాస్య గీతంలో ప్రాస ఉండేదే ఆ చివర. కాబట్టి చివరి ‘ట్’, ‘డ్’, ‘క్’లని కూడా తాళంలో ఒక దెబ్బ మీద పెట్టుకోండి, డ్రమ్ము మీద పుల్ల తగిలినట్టు. కోరస్ అంతా ఒకే క్షణంలో ఆ హల్లు పలికితే ఇరవైమంది గొంతు ఒక్క మనిషి గొంతులా తెగిపడుతుంది.

మొదటి అంకంలో కోకో, పూ-బా, పిష్-టష్ అనే ప్రభువు ముగ్గురూ వేరువేరు మాటల్ని వేరువేరు రాగాల్లో ముందు ఒకరి తర్వాత ఒకరు పాడి, తర్వాత ఒకేసారి కలిపి పాడే ఘట్టం ఉంది. దానికి అదనపు సమయం కేటాయించండి. ముగ్గురినీ హాలులో మూడు మూలల్లో నిలబెట్టి పాడించండి. దూరం నుంచి ఒకరినొకరు వింటూ నిలబడగలిగితే స్టేజీ మీద దగ్గరగా ఉన్నప్పుడు తడబడరు.

రిహార్సల్ లెక్క, బ్యాండు, మైకులు

వారానికి రెండు సాయంత్రాలు, పూటకి రెండున్నర గంటలు, 14 వారాలు అంటే 70 గంటలు. మా అనుభవంలో అది సరిగ్గా సరిపోయింది, మిగల్లేదు. మొదటి అంకం ముగింపు ఘట్టాన్ని ఆరో వారంలోపే ఎత్తుకోండి. అందరూ స్టేజీ మీద ఉండి, కటిషా వచ్చి కథ తిప్పేసే చోటు అది. ఆఖరికి వదిలితే అక్కడే కూలుతుంది.

బ్యాండుకి ప్రాణం నాలుగు వాద్యాలు: పియానో, డబుల్ బాస్, గిటార్, డ్రమ్స్. అద్దెకి వచ్చిన స్వరపుస్తకాల్లో ఏ వాద్యాలు రాశారో చూసి, ఆ వాయించేవాళ్లని మూడు నెలల ముందే ఖాయం చేసుకోండి. ముఖ్యంగా డ్రమ్మర్ని. ఆయన హై-హ్యాట్ (కాలితో మూసే జంట) తాళాలు రెండు, నాలుగు మీద మెల్లగా మూస్తుంటే స్టేజీ మీదివాళ్లకి అదే ఊతకర్ర. పుల్లల బదులు బ్రష్‌లతో వాయించమని, ట్రంపెట్లకి మ్యూట్ (శబ్దం తగ్గించే మూత) పెట్టుకోమని మర్యాదగా, కానీ తప్పకుండా అడగండి. బ్యాండు హోరులో మాట మునిగితే ఇన్ని వారాల పని వృథా.

బ్యాండుని స్టేజీ మీదే వెనక కూర్చోబెడితే 1940ల క్లబ్బులా కళ్లకి ఇంపుగా ఉంటుంది. అప్పుడు గాయకులకి కండక్టర్ వీపు వెనక ఉంటాడు. ఆయన మీద ఒక చిన్న కెమెరా పెట్టి, ప్రేక్షకుల వెనక గోడకో బాల్కనీ అంచుకో స్క్రీన్ తగిలించండి. మైకులు అందరికీ పెట్టలేకపోతే ముఖ్య వేషాలకి పెట్టండి. డాన్స్ చెమటకి మైకు మూగబోతుంది, బ్యాటరీలు విరామంలో మార్చేయండి, అరిగాయా లేదా అని చూడకుండానే.

డాన్సూ బట్టలూ

న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెంలో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూంలో పెరిగిన లిండీ హాప్ ఈ నాటకానికి సహజమైన డాన్సు. పేరు చూడండి, మూల నాటకం ఆడిన థియేటరూ సవాయే. 1939 ప్రదర్శనలో ఆ బాల్‌రూం నుంచి వచ్చిన వైటీస్ లిండీ హాపర్స్ బృందం ఆడింది కూడా. వాళ్లు గాల్లోకి ఎగరేసినట్టు మీరు మనుషుల్ని ఎగరేయకండి. దానికి వేరే శిక్షణ కావాలి, చిన్న స్టేజీ మీద మెడ విరిగే పని. ఎనిమిది లెక్కల మామూలు అడుగు అందరికీ నేర్పి, నాలుగు జంటలకి మాత్రం తిరుగుళ్లు ఇవ్వండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కుర్చీల్లో, బల్లల దగ్గర కూర్చుని చేతులతో, పేపర్లతో, టోపీలతో తాళం వేస్తే అదీ డాన్సే.

మగవాళ్లకి జూట్ సూట్లు: వెడల్పు భుజాలు, మోకాళ్ల దాకా కోటు, నడుము పైకి కట్టి చీలమండ దగ్గర బిగుసుకునే ప్యాంటు. అద్దెకి తెస్తే ఖర్చు, చారిటీ షాపుల్లో రెండు సైజులు పెద్ద కోట్లు కొని భుజాలకి స్పాంజి కుట్టుకోండి. ఆడవాళ్ల గౌన్లు గిర్రున తిరిగితే లేస్తాయి, లోపల నిక్కర్లు తప్పనిసరి. బూట్లు మాత్రం రిహార్సల్ మొదటి నెల నుంచే వేయించండి. కొత్త బూట్లతో ప్రదర్శన రోజున జారిపడ్డవాళ్లని చూశాను.

వన్స్ మోర్‌కి సిద్ధంగా ఉండండి

పద్య నాటకంలో ‘వన్స్ మోర్’ అరుపు మనకి కొత్త కాదు. ఈ నాటకంలోనూ ఆ సంప్రదాయం ఉంది. రెండో అంకంలో యమ్-యమ్, నాంకీ-పూ, కోకో చిక్కులో పడి పాడే ముగ్గురి పాటని మళ్లీ మళ్లీ పాడడం ఇంగ్లండులో పాత అలవాటు. ప్రతిసారీ కొత్త చేష్ట ఉండాలి. మూడు రకాలు తయారుచేసి పెట్టుకోండి, ఒక్కోసారి ఒక్కో మెట్టు వేగం పెంచుతూ. మళ్లీ పాడాలా వద్దా అన్నది కండక్టర్ ఒక్కరే నిర్ణయించాలి, సైగ ముందే అనుకోండి. చప్పట్లు పలచబడే దాకా ఆగొద్దు, ఇంకా జోరుగా ఉండగానే ఎత్తుకోవాలి. చప్పట్లు రాని రాత్రి మాత్రం బలవంతాన పాడించకండి.

చివరి వారం

ఆదివారం బ్యాండుతో కూర్చుని పాటలు మాత్రమే, నటన లేకుండా. సోమవారం దీపాలు, మైకులు. మంగళవారం పూర్తి వేషాలతో ఆగకుండా ఒకసారి. ఆ రోజు ఏది తప్పినా ఆపకండి. తప్పిన చోట మళ్లీ ఎలా అందుకోవాలో నటులు నేర్చుకునేది అప్పుడే. ప్రదర్శన ప్రతి రాత్రీ తెర లేవడానికి పావుగంట ముందు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, మొదటి రోజు చేసిన చప్పట్ల నడకే పది నిమిషాలు చేయించండి.

ఆఖరి ప్రదర్శన అయ్యాక సెట్టు విప్పేటప్పుడే స్వరపుస్తకాలన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. అద్దె పుస్తకాల్లో పెన్సిల్ తప్ప ఏదీ వాడొద్దని మొదటి రోజే చెప్పి ఉంటారు కదా. ఒక సాయంత్రం నలుగురైదుగురు కూర్చుని, టీ పెట్టుకుని, ఊపిరి గుర్తులూ అడుగుల లెక్కలూ అన్నీ రబ్బరుతో చెరిపేసి పంపాలి. మా పుస్తకాల్లో పేజీ పేజీకీ అంచున ఇంగ్లీషు అక్షరాల్లో ‘తకిట’ అని రాసి ఉంది. అవి చెరపడానికే మాకు గంట పట్టింది.